పైడమ్మ అల్లిన తిరుగుడు చాప

దా రత్తీ, ఇటు జరుగు. ఒరే బాచీ, నువ్వు గోడవైపు పడుకో, నిన్నంతా నా డొక్కలో తన్నుతూనే ఉన్నావు. దుప్పటి లాక్కోకండర్రా, ఇద్దరికీ సరిపోతుంది. నేను చెబుతూ ఉంటాను, మీరు ఊ కొడుతూ ఉండాలి. మీ ఊ ఆగిందంటే నా కథా ఆగుతుంది, ముందే చెప్పేస్తున్నా.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుందిట. పేరు తుంగవాడ. చూసినంత మేరా తుంగగడ్డే, మనిషెత్తు గడ్డి. ఆ గడ్డి కొయ్యడం, ఎండబెట్టడం, రంగులెయ్యడం, చాపలల్లడం, ఊరందరికీ అదే పని. పొద్దున లేస్తే చాప, పొద్దు వాలితే చాప. పెళ్ళికి చాప, పురిటికి చాప, అలిగి పడుకోడానిక్కూడా చాపే.

ఆ ఊళ్ళో గురువులని ఒకడున్నాడుట. పేరుకి గురువులే గానీ పాపం, ఎవరేం చెప్పినా తలాడించే రకం. వాళ్ళమ్మ బంగారమ్మ. పేరు బంగారం, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. గురువులు పెళ్ళాం పైడమ్మ. ఈ పైడమ్మ కథే మనది. అత్తగారు ఆ పిల్లని కూర్చుంటే ఎందుకు కూర్చున్నావనేది, లేస్తే ఎందుకు లేచావనేది, కూర్చోకా లేవకా మధ్యలో ఉంటే అదేం వంగడమే అనేది. పైడమ్మ ఓ చెవిన విని నవ్వుకునేది. చేతులు మాత్రం ఆగేవి కావు. ఏ గడ్డి ఎంత నానాలో, ఏ రంగు ఎంతసేపు మరగాలో ఆ పిల్లకి తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలీదుట.

ఇలా ఉండగా, ఆ రాజ్యాన్నేలే భద్రభూపతి అనే రాజుగారు కొత్త సభామండపం కట్టించుకున్నాడు. దాన్నిండా పరవడానికి చాప కావాలి, ఇదివరకు ఎవరూ అల్లనిదై ఉండాలని తుంగవాడకి కబురంపాడు. ఊరందరూ కూర్చుని ఆలోచించారు. ఒకాయన చారలన్నాడు, ఇంకొకాయన గళ్ళన్నాడు. అన్నీ అల్లినవేగా! అప్పుడు పైడమ్మ మెల్లిగా, నేను చక్రాలు కుడతానందిట.

ఎలాగో తెలుసా? తుంగని జడలా పేనాలి. ఆ జడని చుట్టలా చుట్టుకుంటూ, పైన రంగుగడ్డి చుట్టి బిగించి కుట్టాలి. మూరెడు వెడల్పు చక్రం ఒకటి అవుతుంది. అలాంటి చక్రాలు పక్కపక్కన పెట్టి కలిపేస్తే చాప. ఒక్కో చక్రం చుట్టూ రంగులు నాలుగు. నలుపు పక్కన నీలం, నీలం పక్కన తెలుపు, తెలుపు పక్కన పసుపు, పసుపు పక్కన మళ్ళీ నలుపు. నలుపు నీలం తెలుపు పసుపు, నలుపు నీలం తెలుపు పసుపు! మీరూ అనండి. ఆఁ, అదీ. ఆ వరసే ఎందుకంటారా? ఆవిడ దగ్గర రంగుగడ్డి కట్టలు ఆ వరసలో గోడకి ఆనించి ఉన్నాయి, అంతే. ఇంకేం రహస్యం లేదు.

మూడు నెలలు కుట్టింది. వాళ్ళిల్లు చూస్తే అగ్గిపెట్టె. అందుకని ఒక వరస కుట్టడం, కుట్టింది చుట్టేసి పక్కకి తోసెయ్యడం, ఇంకో వరస కుట్టడం. చాప మొత్తం పరిచి చూసినవాళ్ళు ఎవరూ లేరు. పైడమ్మే చూళ్ళేదు. చేతికింద ఉన్న చక్రమే గానీ పక్క చక్రం వైపు కన్నెత్తడానిక్కూడా తీరికేదీ? ఈ మాట గుర్తుంచుకోండి. ఊ కొడుతున్నారా? బాచీ, అది ఊ కాదు, ఆవలింత.

సరే. ఎనిమిది మంది మోసుకెళ్ళి చాపని కోటలో దించేశారు. మర్నాడు పొద్దున్నే సభలో పరిచారు. రాజుగారు దర్జాగా వచ్చి సింహాసనం మీద కూర్చున్నాడు. కాలికింద చక్రాన్ని చూశాడు, బాగుందనుకున్నాడు. అంతలో ఎడమపక్కన ఏదో కదిలింది. చటుక్కున ఎడమకి చూశాడు. అక్కడేం లేదు, చక్రం బుద్ధిగా కూర్చునుంది. ఈసారి కుడిపక్కన కదిలింది. కుడికి చూశాడు. కుడిది ఆగింది, ఎడమది తిరుగుతోంది! గిర్రున కాదర్రా, మెల్లిగా, తిరగలి తిరిగినట్టు, పాము చుట్ట విప్పుకున్నట్టు. చూసిన చక్రం ఆగుతోంది, చూడని చక్రం తిరుగుతోంది. చూసింది ఆగుతోంది, చూడంది తిరుగుతోంది.

రాజుగారు నెమ్మదిగా రెండు కాళ్ళూ పైకి లాక్కుని, మఠం వేసుక్కూర్చున్నాడు. పైత్యం చేసిందేమో అనుకున్నాడుట. ఎవరితోనన్నా అంటే, రాజుకి కళ్ళు తిరుగుతున్నాయిట అని రాజ్యమంతా పాకిపోదూ? నోరు మూసుక్కూర్చున్నాడు. మంత్రిగారికీ అలాగే కనిపించింది. రాజుగారే ఏమనకపోతే నేనెలా అంటానని ఆయన పంచె పైకెత్తి పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడ్డాడు. సేనాపతి ఇంత మీసమున్నవాడు, స్తంభాన్ని కావలించుకుని స్తంభం గట్టిగా ఉందో లేదో చూస్తున్నానన్నాడుట. అందరికీ కనపడుతోంది, అందరికీ భయమే, ఒక్కరూ నోరు విప్పరు!

అప్పుడు వంటవాడు రాజుగారికి పాయసం పట్టుకొచ్చాడు. వాడికి ఇవన్నీ ఏం తెలుసు? రెండడుగులేసి కిందకి చూశాడు. 'బాబోయ్ పాములు! సభనిండా పాములు!' అని గావుకేక పెట్టి, పాయసం గిన్నె మంత్రిగారి నెత్తిన పారేసి పరుగో పరుగు. ఇంకేముంది, నాకూ కనపడ్డాయి, నాకూ కనపడ్డాయని సభంతా లేచిపోయింది. గుమ్మం చాలక సేనాపతి కిటికీలోంచి దూకాడుట.

నవ్వుతున్నారు గానీ, తర్వాత సంగతి నవ్వులాట కాదు.

రాజుగారు భూతవైద్యుణ్ణి పిలిపించాడు. గంటల బైరాగి అంటారుట అతన్ని. మెళ్ళో గంటలు, నడుముకి గంటలు, కాళ్ళకి గంటలు. అతనొస్తున్నాడంటే ఊరి పశువులన్నీ ఒకేసారి ఇంటికొస్తున్నట్టుండేది. గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూశాడు. లోపలికి మాత్రం అడుగెయ్యలేదు. కళ్ళు మూసుకుని గంటలన్నీ ఆడించి తేల్చి చెప్పాడు. ఇది తిరుగుడు దయ్యం మహారాజా, తుంగగడ్డిలో పుట్టింది, అల్లిన మనిషి చేతుల్లో చేరింది, చేతుల్లోంచి చాపలోకి దిగింది. ఎవరి చేతిలో ఈ చక్రం తిరిగిందో వాళ్ళ చేతుల్లో దయ్యమున్నట్టే. చాపని కాల్చాలి, గడ్డి బీడంతా తగలబెట్టాలి, అల్లినవాళ్ళని రాజ్యం పొలిమేర దాటించెయ్యాలి అన్నాడు.

గడ్డి తగలబెడితే తుంగవాడ ఏమైపోవాలి? మూడొందల గడప ఏం తిని బతకాలి? రాజుగారు అదేం ఆలోచించలేదు. భయమేసినవాడికి ఆలోచనెక్కడిది! రేపు పొద్దు వాలేలోగా అంతా అయిపోవాలన్నాడు.

భటులొచ్చి గురువుల్నీ, పైడమ్మనీ, బంగారమ్మనీ ముగ్గుర్నీ పట్టుకెళ్ళారు. దారి పొడుగునా ఊరివాళ్ళు నిలబడి చూస్తున్నారు. నిన్నటిదాకా మా పైడమ్మ, మా పైడమ్మ అన్నవాళ్ళే, దాని చేతులు తగుల్తాయేమోనని వెనక్కి వెనక్కి జరిగారుట. పైడమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. చేతులు రెండూ కొంగులో దాచేసుకుంది.

మండపం బయట నిలబెట్టి రాజుగారు, ఎవరల్లారు ఇదని గద్దించాడు. గురువులు ఎప్పటిలా తలాడించాడు. అప్పుడేమయిందో చెప్పనా? పైడమ్మ నోరు తెరిచే లోపలే బంగారమ్మ కోడలి ముందుకొచ్చి నిలబడింది.

'దాని చేతుల్లో దయ్యముంటే మూడేళ్ళ నుంచి ఆ చేతివంట తింటున్నదాన్ని, నాకు పట్టలేదేం? నా కోడల్ని నేను తిట్టుకుంటాను గానీ, ఊరూ పేరూ లేని గంటలవాడు అనడమేమిటి మహారాజా!'

సభంతా నోరెళ్ళబెట్టింది. పైడమ్మకైతే ఆ ఒక్కమాటతో ఎక్కడలేని ధైర్యం వచ్చేసిందిట. మూడేళ్ళలో అత్తగారు తన వైపు మాట్లాడడం అదే మొదలు.

ఒక్కసారి నా చాప నన్ను చూసుకోనివ్వండి మహారాజా అనడిగింది. గుమ్మంలోకెళ్ళి చూసింది. నిజంగానే తిరుగుతోంది! తన చేత్తో కుట్టిన చక్రాలే, ఒక్కొక్క కుట్టూ తనకి తెలుసు. అవే అక్కడ బతికున్నట్టు మెల్లమెల్లగా కదులుతున్నాయి. అయ్యో, నిజంగానే నా చేతుల్లో ఏదన్నా ఉందా అనుకుందిట పిచ్చితల్లి. అక్కడే ఆ చాప మీదే కూలబడింది.

కూలబడిందా, కూర్చుంటే అలవాటు చొప్పున చేతికింద ఉన్న చక్రాన్ని చూసింది. అది తిరగట్లేదు! దాని పక్కది చూసింది, అదీ ఆగింది. మొదటిది మాత్రం కంటి ఓరన తిరుగుతోంది. దానివైపు తిరిగింది, అది టక్కున ఆగిపోయింది. ఇదేమిటి దాగుడుమూతలు! ఇంకో చక్రం, ఇంకో చక్రం, ఇలా పది చూసింది. సూటిగా చూస్తే ఒక్కటీ కదలదు. కన్ను అటూ ఇటూ తిప్పినప్పుడే, కంటి కొసన పడ్డవి కదులుతాయి. ఒక్కదాన్నే రెప్ప కొట్టకుండా కాసేపు చూస్తే చుట్టూ ఉన్నవి కూడా నిదరోయినట్టు ఆగిపోతున్నాయి. అప్పుడు ఆ పిల్లకి ఏడుపు పోయి ఆలోచన మొదలయింది.

రేపు పొద్దు వాలేదాకా గడువిచ్చారు కదా మహారాజా, అందాకా నా మాట వినండంది. ముందు ఇన్ని మరమరాలు తెప్పించమంది. ఒక్కో చక్రం మీదా నాలుగేసి మరమరాలు పెట్టింది. చాప తిరిగితే మరమరాలూ తిరగాలి కదా! అందరూ గుమ్మంలోంచి మెడలు సాచి చూస్తున్నారు. చక్రాలు తిరుగుతున్నాయి, మరమరాలు పెట్టినచోటే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి జరగలేదు. రాజుగారు తల గోక్కున్నాడు.

బైరాగి ఊరుకుంటాడా? దయ్యానికి మరమరాలంటే ఇష్టం, అందుకని వాటిని కదపదన్నాడు. నిజమే కాబోలన్నాడు మంత్రి. ఈ మంత్రి ఎవరేమన్నా నిజమే కాబోలంటాడు, అది ఆయన ఉద్యోగం.

ఈ గోలంతా విని రాజుగారి తల్లి వచ్చింది, పెద్దరాణమ్మ. ఆవిడకి పదేళ్ళ కిందట చూపు పోయింది. గోడ పట్టుకుని నడుచుకుంటూ, ఏమిట్రా నాయనా ఈ కేకలని తిన్నగా సభలోకొచ్చేసింది. 'అమ్మా, వద్దు! అడుగెయ్యకు! అంతా తిరుగుతోంది!' అని రాజుగారు అరిచాడు. ఆవిడ అప్పటికే చాప నడుమకి వచ్చేసింది. ఉత్త కాళ్ళతో నిలబడి అరికాలితో రాసి చూసింది. తర్వాత కూర్చుని చేత్తో తడిమింది.

'ఏదిరా తిరిగేది? హాయిగా, చల్లగా, ఎక్కడిదక్కడే ఉంది. ఎవరమ్మా కుట్టింది? కుట్టు ఇంత బిగువుగా ఉంది, వేలికి ఒక్క ముడి తగల్లేదు!' అందావిడ.

పైడమ్మ దణ్ణం పెట్టి అడిగింది. మహారాజా, దయ్యం నిజంగా చాపలోనే ఉంటే అమ్మగారి చేతికి తెలియదా? చూపున్నవాళ్ళందరికీ తిరుగుతోంది, చూపు లేని ఒక్కరికే తిరగట్లేదు. తేడా చాపలో ఉందా, చూపులో ఉందా? అంది. రాజుగారికి కొంచెం బుర్రలోకెక్కింది. కానీ బైరాగి గంటలు గలగలలాడించి, దయ్యాలు పెద్దవాళ్ళ జోలికి రావన్నాడు. నిజమే కాబోలన్నాడు మంత్రి.

పైడమ్మకి ఒళ్ళు మండింది. అయినా పైకి నవ్వుతూ, స్వామీ, మీ చేతుల్లో దయ్యం లేదు కదా అనడిగిందిట.

నా చేతుల్లోనా! హరహరా! ముప్ఫయ్యేళ్ళుగా మంత్రించిన చేతులివి, దయ్యాలు ఆమడ దూరం పారిపోతాయన్నాడతను.

అయితే ఆ పుణ్యమైన చేతులతో మీరే నాలుగు చక్రాలు చుట్టండి, నేను పక్కనుంచి చూపిస్తాను, గడ్డి మీద మంత్రం కూడా మీరే వెయ్యండంది. బైరాగి వెనక్కి తగ్గబోయాడు. పెద్దరాణమ్మ చాప మీదే కూర్చునుంది కదా, చుట్టవయ్యా చూద్దాం అంది. తప్పించుకోడానికి లేదు.

రాత్రికి అందర్నీ కోటలోనే పడుకోబెట్టి, మర్నాడు తెల్లారగానే వసారాలో మొదలుపెట్టించారు. గురువులు జడలు పేనిచ్చాడు. బైరాగి మంత్రాలు చదువుతూ, గంటలు అడ్డొస్తుంటే ఒక్కొక్కటే విప్పి పక్కన పెడుతూ, చెమటలు కారుస్తూ చుట్టాడు. వంకరగా చుడితే బంగారమ్మ వేలిమీద చిన్నగా ఒకటిచ్చేది. కట్టలు మాత్రం పైడమ్మ ఈసారి తిరగేసి పెట్టింది. పసుపు తెలుపు నీలం నలుపు, పసుపు తెలుపు నీలం నలుపు. అనండి. రత్తి సరిగ్గా అంది. బాచీ, నువ్వు నీలం మింగేశావు.

మధ్యాహ్నం దాటేసరికి నాలుగు చక్రాలయ్యాయి. పక్కపక్కన పెట్టి కలిపి కుట్టి, సభలో పైడమ్మ చాప పక్కన పరిచారు. రాజుగారొచ్చాడు, మంత్రొచ్చాడు, సేనాపతి ఈసారి గుమ్మంలోంచే వచ్చాడు. చూశారు.

తిరుగుతున్నాయర్రా! చూసింది ఆగినా తక్కిన మూడూ తిరుగుతున్నాయి! అదీ ఎలా? పైడమ్మ చక్రాలు ఎటు తిరిగాయో, బైరాగి చక్రాలు దానికి ఎదురు తిరుగుతున్నాయి!

అందరూ బైరాగి చేతులవైపు చూశారు. ఎవరి చేతిలో చక్రం తిరిగితే వాళ్ళ చేతుల్లో దయ్యమున్నట్టేనని అతనే కదా చెప్పాడు! అతన్ని పొలిమేర దాటించాలా మరి? పాపం, అతని మొహం తెల్లకాగితమైపోయింది. దభీమని రాజుగారి కాళ్ళమీద పడ్డాడు.

'నాకేం తెలీదు మహారాజా! నాకూ మీలాగే భయమేసింది. తెలీదంటే నన్ను భూతవైద్యుడని ఎవరంటారు? అందుకని నోటికొచ్చింది చెప్పేశాను.'

రాజుగారు కోపంతో లేచాడు గానీ, నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఆగిపోయాడుట. నాలాగే భయమేసిందన్న మాట తగిలింది. తనూ అంతేగా! పైత్యమంటారేమోనని తను నోరు మూసుకున్నాడు, భూతవైద్యుడు కాదంటారేమోనని ఇతను నోరు తెరిచాడు. ఇద్దరి మధ్యా ఒక ఊరు తగలబడిపోబోయింది. రాజుగారికి సిగ్గేసింది. కిరీటం తీసి పక్కన పెట్టి, నేల మీద, ఆ చాప మీదే పైడమ్మ ఎదురుగా కూర్చుని, అసలిదేమిటో నువ్వు చెప్పమ్మా అనడిగాడు.

నాకూ మొత్తం తెలీదు మహారాజా అంది పైడమ్మ. ఆ మాట అనడానికి ఆ పిల్ల కొంచెం కూడా జంకలేదు చూడండి. నాకు తెలిసింది ఇంతే. చాప కదలట్లేదు, మన కన్ను కదులుతోంది. ఎదురుగా ఉన్నదాన్ని కన్ను బాగా చూస్తుంది, పక్కనున్నదాన్ని సగం సగం చూస్తుంది. ముదురు రంగు, లేత రంగు వరసగా పేరిస్తే, ఆ సగం చూపుకి ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నట్టు తోస్తోంది. వరస తిరగేస్తే నడకా తిరగబడుతోంది. ఎందుకలా అంటే మాత్రం కన్ను పెట్టిన దేవుణ్ణే అడగాలి అంది.

రాజుగారు నవ్వాడు. రాజుగారు నవ్వాడు కదాని మంత్రీ నవ్వాడు. కాసేపటికి అందరూ చాప మీద పిల్లల్లా కూర్చుని, ఇది ఆగింది, అది తిరిగింది, ఇప్పుడు అది ఆగింది, ఇది తిరిగిందని ఒకటే ఆట! వంటవాడు కూడా వచ్చాడు, పాయసం మాత్రం బయట పెట్టొచ్చాడు. సాయంత్రానికల్లా రాజుగారు రథం మీద తుంగవాడ వెళ్ళి, ఊరందరి ఎదుటా, ఈ పిల్ల చేతుల్లో ఉన్నది పనితనం, తప్పు నాదని చెప్పాడు. ఊరివాళ్ళు తలలు దించుకుని ఒక్కొక్కరే వచ్చి పైడమ్మ చేతులు పట్టుకున్నారుట. బైరాగి ఏమయ్యాడంటారా? ఆ నాలుగు చక్రాలూ తనే చుట్టాడంటే తనకే ముచ్చటేసింది. తుంగవాడలోనే ఉండిపోయి చాపలు కుట్టడం నేర్చుకున్నాడు.

ఇంకా అయిపోలేదు, పడుకోకండి. అంతా సంతోషంగా ఉన్నప్పుడు పెద్దరాణమ్మ పైడమ్మని పక్కకి పిలిచింది. 'అందరికీ అంత తమాషా చూపించావు. నాకేదీ?' అనడిగింది నవ్వుతూనే. పైడమ్మ ఇంటికెళ్ళి నెల్లాళ్ళు రంగు జోలికే పోకుండా ఇంకో చాప కుట్టింది. లావు జడలతో ఎత్తుగా ఒక చేప, సన్న జడలతో నీటి అలలు, గడ్డి కొసలు వదిలేసి ఒక పిట్ట తోక, ముడులు ముడులుగా నేరేడు పళ్ళ గుత్తి. తీసుకెళ్ళి పెద్దరాణమ్మ ఒళ్ళో పరిచింది.

ఆవిడ వేళ్ళు అలల మీద నుంచి మెల్లగా వెళ్ళాయి, వెళ్ళాయి, వెళ్ళాయి... ఒకచోట ఆగాయి. 'ఒరేయ్ నాయనా, చేప! నాకు చేప దొరికిందిరా!' అని చిన్నపిల్లలా కేకేసింది. రాజుగారు పరుగెత్తుకొచ్చి, కళ్ళు మూసుకుని, తల్లి పక్కనే కూర్చుని తనూ వెతకడం మొదలుపెట్టాడు. ఆయనకి పిట్ట దొరకడానికి చాలాసేపు పట్టిందిట.

అందుకని, పిల్లలూ, ఏదన్నా చూసి భయమేస్తే భయమేసిందని చెప్పండి, తప్పేం లేదు. తెలీకపోతే తెలీదనండి. దగ్గరికెళ్ళి కూర్చుని నిదానంగా చూసి, చేత్తో ముట్టుకుని, ఆ తర్వాతే ఇంకొకళ్ళని ఒక మాట అనండి.

రత్తీ? బాచీ? ఊ లేదేం? ఇద్దరూ నిదరోయారా... సరే, కథమ్మ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరుదాం.